ఒక కార్డుకూ మరో కార్డుకూ నడుమ ఎన్నాళ్ళు ఆగాలి?

(మదనపల్లె, పుంగనూరు, కుప్పం శాఖల విశ్రాంత ఉద్యోగుల సంయుక్త సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

కుప్పం మిత్రులు తెల్లవారకముందే బయలుదేరి వచ్చారని కార్యదర్శిగారు చెప్పారు. తిరుగు ప్రయాణం కూడా ఉంది కనుక వారిని ఎక్కువసేపు కూర్చోబెట్టను.

నన్ను క్రెడిట్ కార్డుల గురించి మాట్లాడమన్నారు. "ఈ వయసులో మనకెందుకయ్యా ఆ గొడవ" అని ముందు వరసలో ఒకరిద్దరు అనుకోవడం నాకు వినిపించింది. నేనూ మొదట అలాగే అనుకున్నవాణ్ణే. అయితే ఇక్కడున్న వారిలో కనీసం సగం మంది ఫోన్లకు ఈ వారంలో "మీకు కార్డు మంజూరైంది" అనే మెసేజి వచ్చి ఉంటుంది. మనం వద్దనుకున్నా ఆ గొడవ మన ఇంటికి వస్తూనే ఉంది. కార్డు మంచిదా చెడ్డదా అనే చర్చ నేను పెట్టుకోను. ఒక కార్డుకు దరఖాస్తు పెట్టాక ఇంకొకదానికి పెట్టడానికి ఎంతకాలం ఆగాలి అన్న ఒక్క ప్రశ్న మీదనే ప్రధానంగా మాట్లాడతాను. ఇది చిన్న ప్రశ్నలాగా కనబడుతుంది. నాకు మాత్రం ఇది మా ఇంటావిడ మోకాలి ఆపరేషను వరకూ వెళ్ళింది.

నేను సబ్ ట్రెజరీలో పనిచేసినవాణ్ణని మీలో చాలామందికి తెలుసు. ఇతరుల బిల్లుల మీద అభ్యంతరాలు రాయడమే నా ఉద్యోగం. మీలో కొందరి టి.ఏ. బిల్లులు కూడా వెనక్కు పంపి ఉంటాను, క్షమించాలి. అటువంటివాణ్ణి రిటైరైన రెండో ఏట బెంగుళూరులో మనుమడిని చూడడానికి వెళ్ళినప్పుడు, అక్కడి ఒక పెద్ద షాపింగు మాలులో బల్ల వేసుకుని కూర్చున్న కుర్రవాడి చేతికి చిక్కాను. "సార్, జీవితాంతం ఫీజు లేదు, పెన్షన్ స్లిప్పు చాలు, ఇదిగో ఈ బ్యాగు కూడా మీకే" అన్నాడు. పాన్ కార్డు, ఆధార్, పెన్షన్ స్లిప్పు అన్నీ ఫోనులో ఫోటో తీసుకున్నాడు. "ఒక బ్యాంకు కాదంటే ఇంకో బ్యాంకు ఇస్తుంది సార్, మూడింటికి పెడదాం" అన్నాడు. నా ఫోనుకు మూడు ఓటీపీలు వచ్చాయి. మూడూ చదివి చెప్పాను. ఆ ఓటీపీ చెప్పడమే నా సంతకం అని, మూడు దరఖాస్తుల మీద మూడు సంతకాలు పెట్టానని ఆ రోజు నాకు తోచలేదు. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఖాళీ ఫారం మీద సంతకం పెట్టిన గుమాస్తాను ఎంతగా మందలించేవాణ్ణో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంటుంది.

వారం రోజుల్లో ఒక బ్యాంకు చిన్న పరిమితితో కార్డు ఇచ్చింది. మిగిలిన రెండు కాదన్నాయి. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. నెలనెలా పెన్షను తీసుకుంటూ, ఒక్క రూపాయి అప్పు ఎగవేయనివాణ్ణి, నన్ను కాదంటారా అని పంతం వచ్చింది. ఇంటికొచ్చి కంప్యూటరు ముందు కూర్చుని మరో రెండు బ్యాంకులకు నేనే పెట్టాను. ఆ రెండూ కూడా కాదన్నాయి. మొత్తం 70 రోజుల్లో 5 దరఖాస్తులు, చేతికి వచ్చింది 1 కార్డు, 1 బ్యాగు.

తర్వాత మూడు నెలలకు మా ఇంటావిడకు మోకాలు మరీ ఇబ్బంది పెట్టింది. బెంగుళూరులో చూపిస్తే ఆపరేషను చేయాలన్నారు. ముందు మనం డబ్బు కట్టి, తర్వాత బిల్లులు పెట్టుకోవలసిన పరిస్థితి. పెన్షను జమయ్యే బ్యాంకుకు వెళ్ళి 4 లక్షలకు పెన్షన్ లోను అడిగాను. మేనేజరు చిన్నవాడు, మర్యాదస్తుడు. కంప్యూటరులో ఏదో చూసి, కాసేపు మాట్లాడకుండా, స్క్రీను నా వైపు తిప్పాడు. "సార్, ఈ మధ్యకాలంలో ఐదుచోట్ల అప్పు అడిగినట్టు కనిపిస్తోంది. ఇంట్లో ఏమైనా ఇబ్బందిగా ఉందా సార్?" అన్నాడు. అతను అడిగినది మంచి మనసుతోనే. కానీ ఆ మాట విన్నప్పుడు నా ముఖంలోకి నెత్తురు వచ్చిన సంగతి నాకే తెలుసు. వివరణ లేఖ రాసిచ్చాను. కాగితం పై ఆఫీసుకు వెళ్ళింది. మూడు వారాలు పట్టింది. ఆపరేషను తేదీ వెనక్కు జరిగింది. చివరికి అడిగినదానిలో సగమే ఇచ్చారు. మిగతాదానికి మా ఇంటావిడ గాజులు తాకట్టు పెట్టాము. ఆపరేషను బాగానే జరిగింది, ఇప్పుడు నాకంటే వేగంగా నడుస్తోంది. ఆ ఉచిత బ్యాగుతోనే కూరగాయలకు వెళుతుంది. "ఈ బ్యాగు ఖరీదు ఎంతయిందో లెక్క రాశారా?" అని అప్పుడప్పుడు అడుగుతుంది.

సరే, ఆ మేనేజరు చూసిన కాగితం ఏమిటి? అది తెలిస్తే ఎన్నాళ్ళు ఆగాలన్నది దానంతట అదే తెలుస్తుంది.

మన తెలుగువారికి క్రెడిట్ కార్డు కొత్తదేమీ కాదు. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు ప్రవేశపెట్టింది. దేశంలో ఈ పనికి ముందు నిలిచిన బ్యాంకులలో అది ఒకటి. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది, పేరు పోయింది, అది వేరే బాధ. ఆ రోజుల్లో కార్డు కావాలంటే మేనేజరుకు మనం తెలిసి ఉండాలి. ఫలానా హైస్కూలు హెడ్మాస్టరుగారు, ఫలానా తాలూకాఫీసు శిరస్తాదారుగారు అని ఊరంతా ఎరిగినవారికి ఇచ్చేవారు. మన మంచిచెడ్డలు ఆయన తలలో ఉండేవి, లెడ్జరులో కాదు. ఆయన బదిలీ అయితే ఆ జ్ఞాపకం కూడా బదిలీ అయ్యేది.

ఇప్పుడు ముంబయిలోనో గురుగ్రాములోనో కూర్చున్న కంప్యూటరుకు పుంగనూరు ఎక్కడుందో తెలియదు, మనమెవరో తెలియదు. అందుకని ఎవరు ఎక్కడ ఎంత అప్పు తీసుకున్నారు, ఎలా కట్టారు అని రాసిపెట్టే సంస్థలు వచ్చాయి. 2000 సంవత్సరంలో మొదటిది ఏర్పడింది. దాన్నే మనం సిబిల్ అంటున్నాము. 2005లో పార్లమెంటు దీనికి ప్రత్యేకంగా చట్టం చేసింది. ఆ తరువాత ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ కూడా వచ్చాయి. మొత్తం నాలుగు. అన్నీ మనకు 300 నుంచి 900 లోపల ఒక మార్కు వేస్తాయి. 750 దాటితే మంచి మార్కని బ్యాంకులు సాధారణంగా అనుకుంటాయి.

ఆ రిపోర్టులో మనం తీసుకున్న అప్పులే ఉంటాయని చాలామంది భ్రమ. మనం అడిగిన అప్పులు కూడా ఉంటాయి. ఏ తేదీన, ఏ బ్యాంకును, దేనికోసం అడిగామో వరుసగా నమోదవుతుంది. కార్డు వచ్చినా రాకపోయినా అడిగిన గుర్తు నిలిచిపోతుంది. దీన్ని ఎంక్వయిరీ అంటారు.

అడగడం తప్పా అని మీరు అడగవచ్చు. మదనపల్లె వాళ్ళకు నేను దీన్ని విడమరిచి చెప్పనక్కరలేదు. మన టమోటా మార్కెట్టు ఉంది కదా. రైతు పంటకు ముందు తన మండీ ఆయన దగ్గర అడ్వాన్సు తీసుకోవడం మామూలే, అందులో ఎవరికీ తప్పు కనిపించదు. కానీ ఒకే రైతు ఒకే పొద్దున నాలుగు మండీలు ఎక్కి, నాలుగుచోట్లా అడ్వాన్సు అడిగాడనుకోండి. మధ్యాహ్నానికల్లా టీ అంగడి దగ్గర ఆ మాట తిరిగిపోతుంది. నలుగురిలో ఒక్కడూ ఇవ్వడు. ఆ రైతు మంచివాడే కావచ్చు, పంట బాగుండవచ్చు. అయినా "ఏదో కష్టంలో ఉన్నాడు, మనం ఇస్తే మనకు వస్తుందో రాదో" అని నలుగురూ అనుకుంటారు. సిబిల్ అంటే ఆ టీ అంగడే. తేడా ఏమిటంటే, టీ అంగడిలో మాట పది రోజులకు పాతబడుతుంది, ఇక్కడ సంవత్సరం దాటినా తేదీతో సహా కనిపిస్తుంది.

ఒక్క ఎంక్వయిరీ వలన మార్కు పెద్దగా తగ్గదు. తగ్గిన కొద్దిపాటి కూడా కొన్ని నెలలు సక్రమంగా కట్టుకుంటూ పోతే సర్దుకుంటుంది. మార్కులో పెద్ద భాగం మనం గడువులోపల కట్టామా లేదా అన్నదానికీ, ఉన్న పరిమితిలో ఎంత వాడుతున్నామన్నదానికీ పోతుంది. ఎంక్వయిరీలు ఒకదానిమీద ఒకటి గుమికూడినప్పుడే చిక్కు. మార్కు సంగతి అటుంచి, మార్కు బాగానే ఉన్నా దగ్గర దగ్గర తేదీలు చూసి బ్యాంకు తన సొంత నిబంధన ప్రకారం కాదనవచ్చు. నా మార్కు ఆ రోజున మరీ పడిపోలేదు. మేనేజరును భయపెట్టినవి ఆ ఐదు తేదీలు.

ఇక అసలు ప్రశ్న. ఇన్ని నెలలు ఆగాలని రిజర్వు బ్యాంకు ఎక్కడా నిబంధన పెట్టలేదు. జి.ఓ. నెంబరు చెప్పండి అంటే నా దగ్గర లేదు. బ్యాంకులు ఎవరి పద్ధతి వారు పెట్టుకున్నాయి. ఒకసారి కాదన్నాక మూడు నెలలు మళ్ళీ పెట్టనివ్వనివి కొన్ని, ఆరు నెలలు పెట్టనివ్వనివి కొన్ని. ఈ రంగంలో తెలిసినవాళ్ళు కనీసం మూడు నెలలు, వీలైతే ఆరు నెలలు ఆగమంటారు. నేను మన పెన్షనర్లకు ఆరు నెలలే చెబుతాను, తక్కువ చెప్పను. ఎందుకంటే కొత్త కార్డు వచ్చాక ఆరు బిల్లులు వస్తే, ఆరూ గడువులోపల పూర్తిగా కడితే, మనం ఎటువంటివాళ్ళమో చెప్పడానికి కాగితం మీద ఆరు సాక్ష్యాలు ఉంటాయి. రెండు నెలలకే ఇంకొకటి అడిగితే రెండే సాక్ష్యాలు. 2025 జనవరి నుంచి బ్యాంకులు నెలకు రెండుసార్లు, 15వ తేదీకీ నెలాఖరుకూ ఈ వివరాలు పంపాలని ఏర్పాటు వచ్చింది కనుక మనం కట్టిన సంగతి ఇదివరకటికంటే త్వరగా ఎక్కుతుంది. అయినా ఆరు బిల్లులకు ఆరు నెలలు పట్టవలసిందే, దానికి దగ్గరదారి లేదు.

కాదన్న తర్వాత అయితే నెలలు లెక్కపెట్టడం కంటే ముందు కారణం తెలుసుకోవాలి. 2022 ఏప్రిల్ 21న రిజర్వు బ్యాంకు క్రెడిట్ కార్డుల మీద జారీచేసిన ఆదేశాలలో, దరఖాస్తు తిరస్కరిస్తే దానికి నిర్దిష్టమైన కారణాన్ని రాతపూర్వకంగా తెలపాలని ఉంది. మనం ఎప్పుడూ అడగము. నేనూ అడగలేదు, పంతం పట్టాను. తర్వాత అడిగితే తెలిసింది, ఒకచోట వయసు, ఇంకోచోట వాళ్ళు కార్డులు ఇచ్చే ఊళ్ళ జాబితాలో మన పిన్ కోడు లేదు. వయసు కారణమైతే ఆరు నెలలు ఆగినా వయసు తగ్గదు కదా! అటువంటిచోట మళ్ళీ పెట్టడం వట్టి ఎంక్వయిరీ దండగ.

లోను అవసరం ముందు కనిపిస్తున్నవారికి నా సలహా మరీ గట్టిది. ఇంట్లో పెళ్ళి, ఇల్లు, ఆపరేషను, మనుమడి చదువుకు లోనులో మీ సంతకం, వీటిలో ఏదైనా ఏడాది లోపల రాబోతున్నదంటే కార్డు జోలికి పోకండి. చదువు లోనుకు సహదరఖాస్తుదారుగా ఉన్నవారి రిపోర్టు కూడా చూస్తారు. తాత ఉచిత బ్యాగు కోసం పెట్టిన సంతకం మనుమడి సీటుకు అడ్డం రాకూడదు.

ఇక్కడ అమెరికా సంగతి ఒక మాట. మన పిల్లలు చాలామంది అక్కడున్నారు. మా తమ్ముడి కొడుక్కి అక్కడ ఏడు కార్డులున్నాయి. కొత్త కార్డు తీసుకున్నవారికి విమానం టిక్కెట్టు వచ్చేంత బహుమతి పాయింట్లు ఇస్తారట, అందుకని వాళ్ళు మూడు నెలలకొకటి, ఆరు నెలలకొకటి అని క్యాలెండరు వేసుకుని మరీ తీసుకుంటారు. అక్కడ కూడా ఎంక్వయిరీ రెండేళ్ళు రిపోర్టులో ఉంటుంది. చేజ్ అనే పెద్ద బ్యాంకు, 24 నెలల్లో 5 కొత్త కార్డులు తీసుకున్నవారికి సాధారణంగా ఆరోది ఇవ్వదని అక్కడి ఖాతాదారులందరికీ తెలిసిన లెక్క. మావాడు ఫోనులో "పెదనాన్నా, ఏం ఫరవాలేదు, పెట్టుకో" అన్నాడు. వాడికి నెల జీతం వస్తుంది, వయసు ముప్పై, రేపు జీతం పెరుగుతుంది. మనకు పెరిగేది డి.ఏ. ఒక్కటే, అది కూడా ఎప్పుడు పెరుగుతుందో మీకు తెలుసు. వాళ్ళ క్యాలెండరు మన గోడకు తగిలించుకోకూడదు.

కుప్పం మిత్రులకు ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. మీకు మూడు రాష్ట్రాల సరిహద్దు. ఒక ఖాతా కుప్పంలో, ఒకటి కృష్ణగిరిలో, ఒకటి కె.జి.ఎఫ్.లో ఉన్నవాళ్ళు మీలో ఉన్నారు. అక్కడ అడిగితే ఇక్కడ తెలియదనుకుంటే పొరపాటు. పాన్ నెంబరు ఒకటే, రిపోర్టు ఒకటే. దీనికంటే పెద్ద చిక్కు పేర్లలో ఉంది. ఒక కాగితంలో ఇంటిపేరు ముందు, ఒకదానిలో తండ్రి పేరు పొడి అక్షరం వెనక, ఆధార్‌లో ఒక అక్షరక్రమం, సర్వీసు రిజిస్టరులో ఇంకొకటి. మన పేర్లు కూడా అవే పది పేర్లు తిరుగుతుంటాయి. ఇంకొకరి అప్పు మన రిపోర్టులో ఎక్కడం, మనది వాళ్ళ దానిలో ఎక్కడం జరుగుతుంది.

అందుకని సంవత్సరానికొకసారి రిపోర్టు తెప్పించి చూసుకోవాలి. రిజర్వు బ్యాంకు ఏర్పాటు ప్రకారం 2017 జనవరి నుంచి ఈ నాలుగు సంస్థలూ ఏడాదికి ఒకటి చొప్పున పూర్తి రిపోర్టు, మార్కుతో సహా, ఉచితంగా ఇవ్వాలి. నాలుగూ ఒకే రోజు తెప్పించుకోకుండా మూడు నెలలకొకటి చొప్పున తెప్పిస్తే ఏడాది పొడుగునా చూసుకున్నట్టే అవుతుంది. మన రిపోర్టు మనం చూసుకుంటే మార్కు తగ్గుతుందని ఒక పుకారు ఉంది, అది తప్పు. మన పాస్ బుక్ మనం చూసుకున్నట్టే. ఉచితమని చెప్పి చివర్లో డబ్బు కట్టే పేజీకి తీసుకువెళ్ళే ప్రకటనలు ఉంటాయి, అక్కడ మాత్రం జాగ్రత్త. పిల్లలనో మనుమలనో పక్కన కూర్చోబెట్టుకుని చూడండి.

తప్పు కనిపిస్తే ఆ సంస్థకు ఫిర్యాదు పెట్టాలి. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆపైన రోజుకు 100 రూపాయల చొప్పున మనకు పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ఇచ్చింది, 2024 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చింది. మన రిపోర్టును ఎవరైనా చూసినప్పుడు మనకు ఎస్.ఎం.ఎస్. గానీ ఈమెయిలు గానీ పంపాలని కూడా అదే నెలలో చెప్పింది. కనుక బ్యాంకులో మీ ఫోను నెంబరు సరిగా ఉందో లేదో చూసుకోండి. నేను అడగకుండానే ఎవరో నా పేరున అడిగారని ఆ ఎస్.ఎం.ఎస్. వలననే తెలుస్తుంది. పాత నెంబరు ఇచ్చి, ఆ సిమ్ము పారేసినవాళ్ళు మనలో ఎంతమంది లేరు?

రిటైరు కాబోతున్నవారు ఎవరైనా ఈ సభలో ఉంటే వారికి చెప్పవలసింది ఇంకోటి ఉంది. మన రాష్ట్రంలో రిటైర్మెంటు వయసు 2014లో 58 నుంచి 60కి, 2022లో 62కి పెరిగింది. కొత్త కార్డుకు బ్యాంకులు వయసు హద్దు పెడతాయి, కొన్ని 60 అంటాయి, కొన్ని 65, కొన్ని 70. కనుక రిటైరయ్యాక చూద్దాం అనుకుంటే తలుపు మూసుకుపోవచ్చు. అవసరమనుకుంటే ఒక్క కార్డు, సర్వీసులో ఉండగానే, జీతం స్లిప్పుతో, రిటైరు కావడానికి ఏడాది ముందే తీసుకోండి.

ఇప్పటికే వయసు దాటినవారికి ఇంకో దారి ఉంది. బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్ పెట్టి, దాని హామీ మీద కార్డు తీసుకోవచ్చు. డిపాజిట్టులో కొంత శాతం వరకు పరిమితి ఇస్తారు, డిపాజిట్టుకు వడ్డీ మామూలుగా వస్తూనే ఉంటుంది. దీనికి జీతం, మార్కు వంటివి అంతగా పట్టించుకోరు. కాకపోతే కార్డు ఉన్నంతకాలం ఆ డిపాజిట్టును తీయడానికి లేదు. అందుకని ఉన్నదంతా పెట్టకుండా చిన్న డిపాజిట్టు విడిగా వేసి దాని మీద తీసుకోండి. పుంగనూరు వాళ్ళు నవ్వకపోతే ఒకటి చెబుతాను. మన పుంగనూరు ఆవు మూడడుగుల ఎత్తు, మేత కొంచెం, పాలు మాత్రం చిక్కన. పెన్షనరుకు ఆ ఆవులాంటి కార్డు చాలు. పది పడ్డల ఏనుగును ఇంట్లో కట్టుకుంటే మేతకే పెన్షను చాలదు.

మేత అంటే వడ్డీ. ఒక్కసారి లెక్క చూడండి. 20,000 రూపాయల బిల్లు వచ్చింది. అందులో కనీసం కట్టవలసింది 5 శాతం, అంటే 1,000 అని ఒక మూల రాసి ఉంటుంది. "వెయ్యే కదా" అని కట్టేశారు. నెలకు మూడున్నర శాతం చొప్పున వడ్డీ 700 అవుతుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జి.ఎస్.టి. 126. మీరు కట్టిన 1,000లో 826 పోయింది, అసలులో తగ్గింది 174. ట్రెజరీలో ఇన్నేళ్ళు పనిచేసిన నేను ఇటువంటి బిల్లును పాస్ చేసి ఉండేవాణ్ణి కాదు. మూడు కార్డులుంటే మూడు గడువు తేదీలు, పెన్షను వచ్చేది మాత్రం నెలకొకసారి. బిల్లు తయారయ్యే తేదీని కనీసం ఒకసారైనా మార్చుకునే వీలు ఖాతాదారుకు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. పెన్షను పడిన వారం రోజుల్లో గడువు వచ్చేటట్టు మార్పించుకోండి.

ఎక్కువ కార్డులు చేరినవారు ఏంచేయాలి? ఫీజు ఉన్నవీ, వాడనివీ బాకీ పూర్తిగా తీర్చి మూయించండి. బాకీ ఏమీ లేకుండా మూయమని కోరితే 7 పనిదినాలలో మూయాలి, మూయకపోతే రోజుకు 500 రూపాయలు మనకివ్వాలని ఆ 2022 ఆదేశాలలోనే ఉంది. అయితే అన్నిటికంటే పాతదాన్ని ఉంచుకోండి, మన చరిత్రకు అదే పాత సాక్షి. అడగకుండా వచ్చిపడే కార్డుల సంగతి కూడా అందులో ఉంది. మన అనుమతి లేకుండా కార్డు ఇవ్వకూడదు. ఇచ్చి బిల్లు కూడా వేస్తే, ఆ బిల్లు రద్దు చేయడమే కాక దానికి రెట్టింపు మనకు జరిమానాగా ఇవ్వాలి. వచ్చిన కార్డు 30 రోజులు దాటినా మనం వాడుకలోకి తేకపోతే, ఓటీపీ ద్వారా మన అంగీకారం అడగాలి. కనుక తెలియని కార్డు వచ్చి, తర్వాత ఓటీపీ వస్తే ఎవరికీ చెప్పకండి. చెప్పకపోతే వాళ్ళే మూసేయాలి. బ్యాంకు వినకపోతే 30 రోజుల తర్వాత రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. దానికి ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. ఫోనులో మోసపోయి డబ్బు పోతే మాత్రం ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి.

ఇది ఆడవాళ్ళు ఎక్కువగా వచ్చిన సభ కనుక చివరిగా ఒక సంగతి. మన సంఘంలో ఒక మిత్రుడు పోయాక, ఆయన భార్య నా దగ్గరకు ఒక కవరు పట్టుకుని వచ్చారు. ఆయనకు నాలుగు కార్డులున్నట్టు ఆవిడకు తెలియదు. "అన్నయ్యా, ఇది నా ఫ్యామిలీ పెన్షనులో పట్టుకుంటారా?" అని అడిగారు. పట్టుకోరు. ఆయన వదిలివెళ్ళిన ఆస్తి మేరకే వారసులకు ఆ బాకీతో సంబంధం, సొంత డబ్బులోంచి కట్టవలసిన పని లేదు. ఆ సంగతి చెప్పి, మరణ ధ్రువపత్రం జతచేసి నాలుగు బ్యాంకులకు నాలుగు ఉత్తరాలు రాయించాను. రెండుచోట్ల బాకీ ఏమీ లేదు. ఆవిడ నెల రోజులు నిద్రపోలేదు. కాబట్టి ఈ రోజు ఇంటికి వెళ్ళాక ఒక తెల్లకాగితం తీసి, ఏ బ్యాంకు కార్డు, ఎంత పరిమితి, గడువు ఏ తేదీ, చివరిసారి ఎక్కడ ఎప్పుడు దరఖాస్తు పెట్టారు అన్నవి రాసి, పి.పి.ఓ. ఫైలులోనే పెట్టండి. రహస్య నెంబర్లు రాయకండి. ఎక్కడ పెట్టారో ఇంట్లో చెప్పండి.

నా రిపోర్టు కాపీ ఒకటి తెచ్చాను, పేరు నెంబర్లు కొట్టేసి. ఆ ఐదు ఎంక్వయిరీలు ఎలా కనిపిస్తాయో చూడదలచినవారు టీ సమయంలో నా దగ్గరకు రండి. ఫోనులో రిపోర్టు ఎలా తెప్పించుకోవాలో మా మనుమడు చూపిస్తాడు, వాణ్ణి అందుకే వెంటబెట్టుకొచ్చాను. కుప్పం వాళ్ళు ముందు రావాలని కోరుతున్నాను, వాళ్ళకు బస్సు ఉంది.